బరంపురం నుంచి హైదరాబాద్‌కు: విమాన దూరాన్ని, ప్రయాణ సమయాన్ని లెక్కకట్టడం ఎలా?

బరంపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి హైదరాబాద్‌లో పిల్లలో, తోబుట్టువులో ఉంటారు. విమానంలో వెళ్దామనుకోగానే విశాఖపట్నం వెళ్లి ఎక్కాలా, భువనేశ్వర్ వెళ్లి ఎక్కాలా అన్న ప్రశ్న వస్తుంది. విశాఖ హైదరాబాద్ దిక్కునే ఉంది కనుక అదే దగ్గరి దారి అనిపిస్తుంది. భువనేశ్వర్ వెళ్లడమంటే ఊరికే వెనక్కి పోవడమని పెద్దలు కొట్టిపారేస్తారు. లెక్క మాత్రం వేరే మాట చెబుతుంది.

మొదట దూరం చూద్దాం. ఫోన్ మ్యాపులో విమానాశ్రయంపై వేలు నొక్కిపెడితే దాని అక్షాంశ రేఖాంశాలు కనిపిస్తాయి. భువనేశ్వర్ విమానాశ్రయం 20.25, 85.82 దగ్గర, శంషాబాద్ 17.24, 78.43 దగ్గర ఉన్నాయి. ఒక అక్షాంశ డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశ డిగ్రీ ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ కుంచించుకుపోతుంది, మన ప్రాంతంలో సుమారు 105 కిలోమీటర్లు ఉంటుంది. అక్షాంశాల తేడా 3.01ని 111తో గుణిస్తే 334, రేఖాంశాల తేడా 7.39ని 105తో గుణిస్తే 776 వస్తాయి. ఈ రెండింటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే దాదాపు 845 కిలోమీటర్లు. బడిలో నేర్చిన లంబకోణ త్రిభుజమే ఇది. విశాఖ నుంచి ఇదే లెక్కలో సుమారు 510 కిలోమీటర్లు వస్తుంది.

సమయానికి, జెట్ విమానమైతే దూరాన్ని 800తో భాగించి, పైకి లేవడానికీ దిగడానికీ రన్‌వే చేరడానికీ మరో అరగంట కలపాలి. భువనేశ్వర్ నుంచి గంటా ముప్పై అయిదు నిమిషాలు, విశాఖ నుంచి గంటా పది నిమిషాలు అవుతుంది. రెక్కల ముందు పంఖాలు తిరిగే ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా పోతుంది కనుక, విశాఖ ప్రయాణానికి మరో పావుగంటైనా పెరుగుతుంది. చలికాలంలో భువనేశ్వర్ నుంచి ఢిల్లీ వెళ్లేవారికి పడమటి ఎదురుగాలి వల్ల వెళ్లే సమయం తిరుగు ప్రయాణం కన్నా ఎక్కువ పడుతుంది.

గల్ఫ్ టికెట్లలో ఇంకో మెలిక ఉంది. టికెట్టు మీద వేసేది ఎక్కడి సమయం అక్కడిదే. హైదరాబాద్‌లో ఉదయం 10 గంటలకు బయలుదేరి 12.30కి దుబాయ్ చేరుతుందని ఉంటే, ప్రయాణం రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు. దుబాయ్ మన కన్నా గంటన్నర వెనుక ఉంటుంది.

మళ్లీ మన రెండు దారుల సంగతికొస్తే, అసలు తేడా నేల మీదే వస్తుంది. బరంపురం నుంచి భువనేశ్వర్‌కు జాతీయ రహదారి మీద సుమారు 170 కిలోమీటర్లు, మూడున్నర గంటలు అనుకోవచ్చు. ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం మీదుగా విశాఖకు 270 కిలోమీటర్ల పైమాటే, అయిదు గంటలు ఉంచుకోవాలి. దేశీయ విమానాల కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసేస్తారు కనుక, రెండుచోట్లా రెండు గంటలు ముందే చేరాలి. దిగాక అరగంట, శంషాబాద్ నుంచి ఊళ్లోకి గంట. అరిసెల డబ్బా లగేజీలో వేస్తే బెల్టు దగ్గర నిలబడే సమయం అదనం. అన్నీ కూడితే భువనేశ్వర్ మీదుగా ఎనిమిదిన్నర గంటలు, విశాఖ మీదుగా తొమ్మిదిన్నర దాటుతుంది.

టికెట్ ధరలో బాగా తేడా ఉంటే తప్ప, వెనక్కి పోయి ఎక్కడమే నయమని నా అభిప్రాయం. రోడ్డు బదులు రైలులో భువనేశ్వర్ వెళ్లేవారు, రైలు ఆలస్యమైనా విమానం అందేలా కనీసం గంటన్నర చేతిలో ఉంచుకుని బండిని ఎంచుకోవాలి.