వెండి షీటు మీద బాక్సు వేయిస్తున్నారా? తెల్ల ఇంకు సంగతి ముందే చూసుకోండి

వెండిలా మెరిసే మెటాలిక్ షీటు మీద స్వీట్ బాక్సులు వేయించే వాళ్లకు ఒక మాట. స్క్రీన్ మీద తెల్లగా కనిపించేదంతా ప్రింట్‌లో తెల్లగా రాదు. మామూలు బాక్సు మీద మనం చూసే తెలుపు కాగితానిదే. ఇక్కడ కింద ఉన్నది వెండి. పైగా మామూలు నాలుగు రంగుల ఇంకులూ పారదర్శకంగా ఉంటాయి కాబట్టి అడుగున ఉన్న మెరుపు వాటిలోంచి పైకి కనిపిస్తుంది. ఫొటోలో నోరూరించే పాలకోవా బాక్సు మీద బూడిద రంగులో వస్తే ఎవరు కొంటారు?

అందుకే ఫైల్‌లో తెల్ల ఇంకును ఒక స్పాట్ కలర్‌గా (నాలుగు రంగుల కలయికతో కాకుండా విడిగా పడే ప్రత్యేక ఇంకుగా), విడి లేయర్‌లో పెట్టి ఓవర్‌ప్రింట్ (ఒక రంగు ఉన్నచోట ఇంకోదాన్ని తొలగించకుండా రెండూ ఒకదాని మీద ఒకటి పడే సెట్టింగ్) ఆన్ చేయండి. ఫొటోల కింద, చిన్న అక్షరాల కింద ఆ తెలుపు పడాలి. బార్‌కోడ్ కిందైతే తప్పనిసరి, మెరిసే షీటు మీద స్కానర్ తడబడుతుంది.

అలాగని షీటంతా తెలుపు పూయకండి, మెటాలిక్ కాగితానికి పెట్టిన డబ్బు దండగ. అంచులు, లతలు ఖాళీగా వదలండి. వెండి మీద నేరుగా పసుపు, కాస్త మెజెంటా పడితే చక్కటి బంగారు రంగు వస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

ఇంకొకటి. తెల్ల పొరను పైరంగు అంచు కంటే ఓ 0.1 మిల్లీమీటరు లోపలికి తగ్గించండి. లేదంటే రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కుదరడం) కాస్త కదిలినా అక్షరాల పక్కన తెల్ల గీత తేలుతుంది. ప్రూఫ్ (ముందుగా చూసుకునే నమూనా ప్రింట్) మాత్రం అసలు షీటు మీదే తీయించండి. తెలుపు పలచగా అనిపిస్తే రెండో కోటు అడగండి.