ప్రోగ్రామింగ్ మొదటి అడుగులు – 4వ పాఠం: నల్ల విండో మెరిసి మాయమైతే

పోయిన పాఠంలో రెండు సంఖ్యలు అడిగి, కూడి, మొత్తం చూపించే పైథాన్ ప్రోగ్రామ్ రాశాం. దాన్ని సేవ్ చేసి ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసినవాళ్లకు ఏం జరిగి ఉంటుందో చెప్తాను. నల్లటి విండో తెరుచుకుంది. మొదటి సంఖ్య అడిగింది, రెండోది అడిగింది. ఎంటర్ నొక్కగానే విండో మాయం. జవాబు కనిపించనే లేదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. ఎక్కడో తప్పు చేశామనుకుని, సరిగ్గా ఉన్న లైన్లను కూడా మార్చేస్తారు. దయచేసి కోడ్ ముట్టుకోకండి. ముందు ఆ విండో సంగతి తెలుసుకుందాం.

డబుల్ క్లిక్ చేసినప్పుడు విండోస్ మీ ప్రోగ్రామ్ కోసమే ఒక కొత్త కన్సోల్ విండో, అంటే మీరు చూసిన ఆ నల్ల విండో, తెరుస్తుంది. దాన్ని వాడుకునే ప్రోగ్రామ్ ఇంకేదీ లేదు కాబట్టి, మీది ముగియగానే విండోనూ మూసేస్తుంది. జవాబు తెరమీదకు వచ్చింది, కానీ మీరు చదివేలోపే ప్రోగ్రామ్ పని అయిపోయింది. చివరి లైన్ తర్వాత ఆగమని మనం చెప్పలేదు కదా, అది ఆగలేదు.

మరి విండో నిలబడాలంటే? ముందే తెరిచి ఉన్న విండోలో నడపాలి. ఫైల్ ఉన్న ఫోల్డర్ తెరవండి. పైన ఫోల్డర్ దారి చూపించే అడ్రస్ బార్ మీద క్లిక్ చేసి, ఉన్నది చెరిపి, ఇంగ్లీషులో సీఎండీ అనే మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు టైప్ చేసే విండో, అదే ఫోల్డర్‌లో తెరుచుకుంటుంది. అందులో పైథాన్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఫైల్ పేరు చివరి డాట్ పీవైతో సహా ఇచ్చి ఎంటర్ నొక్కండి. పైథాన్ అనే పేరు గుర్తుపట్టలేదని వస్తే, దాని బదులు పీవై అనే రెండక్షరాలు ప్రయత్నించండి. ప్రోగ్రామ్ ముగిసినా కమాండ్ ప్రాంప్ట్ ఇంకా నడుస్తూనే ఉంటుంది, అందుకే విండో మూసుకోదు. పైథాన్‌తోపాటే వచ్చే, కోడ్ రాసి నడిపే ఐడిల్ అనే ప్రోగ్రామ్‌లో ఫైల్ తెరిచి ఎఫ్5 నొక్కినా ఫలితం నిలిచే ఉంటుంది.

చాలామంది చెప్పే చిట్కా ఇంకొకటి ఉంది: ప్రోగ్రామ్ చివర, బ్రాకెట్లలో ఏమీ రాయకుండా ఒక ఇన్‌పుట్ లైన్ పెట్టడం. ఎంటర్ కోసం ఎదురుచూస్తూ ప్రోగ్రామ్ ఆగుతుంది. పనిచేస్తుంది, కాదనను. కానీ దీన్నే నమ్ముకోవద్దని గట్టిగా చెప్తాను. ఎందుకంటే మధ్యలో ఎర్రర్ వస్తే ప్రోగ్రామ్ ఆ చివరి లైన్ దాకా వెళ్లదు. విండో మళ్లీ మాయమవుతుంది, దానితోపాటే ఎర్రర్ సందేశమూ పోతుంది. మీకు అన్నిటికంటే అవసరమైనది ఆ సందేశమే.

ఇది మీరే చూడండి. ఆ ఇన్‌పుట్ లైన్ చివర పెట్టి, డబుల్ క్లిక్ చేసి, మొదటి సంఖ్య బదులు ఏదో ఒక పేరు కొట్టండి. విండో మూసుకుపోతుంది. ఇప్పుడు అదే పని కమాండ్ ప్రాంప్ట్‌లో చేయండి. నాలుగైదు లైన్ల సందేశం కనిపిస్తుంది. దాన్ని కింద నుంచి చదవడం మొదలుపెట్టండి. చివరి లైన్‌లో వాల్యూఎర్రర్ అని ఉంటుంది, అంటే ఇచ్చిన పదాన్ని సంఖ్యగా మార్చలేకపోయింది. దాని పైన, ఏ లైన్‌లో ఆగిపోయిందో నంబరుతో సహా ఉంటుంది.

సీ భాష నేర్చుకుంటున్నవాళ్లకు ఒక మాట. చివర గెట్‌చార్ (కీబోర్డు నుంచి ఒక అక్షరం చదివే ఫంక్షన్) పెట్టినా విండో ఆగడం లేదంటే, అంతకుముందు సంఖ్య చదవడానికి వాడిన స్కాన్‌ఎఫ్ అనే ఫంక్షన్ వల్ల కావచ్చు. మీరు సంఖ్య కొట్టి ఎంటర్ నొక్కినప్పుడు స్కాన్‌ఎఫ్ సంఖ్యను మాత్రమే తీసుకుంటుంది. ఎంటర్ గుర్తు వెనకే మిగిలిపోతుంది. గెట్‌చార్ దాన్ని అందుకుని, మీకోసం ఆగకుండా ముందుకు వెళ్లిపోతుంది. రెండోసారి గెట్‌చార్ రాస్తే మామూలుగా ఆగుతుంది. ఏదో ఒక కీ నొక్కేదాకా ఆగే గెట్‌చ్ అనే ఫంక్షన్ వాడమని కొందరు అంటారు. అది సీ ప్రామాణిక లైబ్రరీలో లేదు, అన్ని కంపైలర్లలోనూ దొరకదు. కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడిపితే వీటిలో ఏదీ అక్కర్లేదు.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సిన పని: కూడిక బదులు భాగహారం చేసేలా ప్రోగ్రామ్ మార్చండి. కమాండ్ ప్రాంప్ట్‌లో నడిపి, రెండో సంఖ్యగా 0 ఇవ్వండి. చివరి లైన్‌లో వచ్చిన ఎర్రర్ పేరునూ, లైన్ నంబరునూ నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. 5వ పాఠం ఆ రెండిటితోనే మొదలవుతుంది.