సైకిల్ లైటును ఏళ్ల తరబడి వాడుకోవడం ఎలా?

శ్రీకాకుళం ఊరి దీపాలు దాటి గార వైపో, ఆమదాలవలస వైపో చీకటి పడ్డాక సైకిల్ తొక్కేవారికి లైటు సోకు కాదు. సంక్రాంతి ముందు రోజుల్లో రోడ్డు వారన ధాన్యం ఆరబోసి, వాహనాలు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. ధాన్యం ఎత్తేశాక కూడా ఒక్కోసారి ఆ రాళ్లు అక్కడే ఉండిపోతాయి. అవి కనిపించాలంటే వెలుగు ఉండాలి, ఆ వెలుగు పడవలసిన చోట పడాలి.

కొన్న కొత్తలో పట్టపగలులా వెలిగి, రెండో వానాకాలానికి మినుకుమినుకుమనే లైట్లను చాలామంది చూసే ఉంటారు. అలాంటప్పుడు తప్పు సాధారణంగా ఎల్‌ఈడీది కాదు. వేడి, బ్యాటరీ, తడి అనే మూడింటిని అదుపులో పెట్టుకుంటే అదే లైటు ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

కొనేటప్పుడు: అట్టపెట్టె మీద అంకెలను నమ్మకండి

లైటు ఎంత వెలుగిస్తుందో ల్యూమెన్లలో కొలుస్తారు. వీధి దీపాలున్న రోడ్డుకు 200 ల్యూమెన్లు సరిపోతాయి. కటిక చీకటి రోడ్డు మీద గంటకు 15-20 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవారికి 400-500 చాలు. ఎక్కువ ఉంటే మంచిదే, కానీ రోజూ అంత వాడడానికి కాదు. వెయ్యి ల్యూమెన్ల లైటును సగం వెలుగులో నడిపితే అది చల్లగా, ఎక్కువసేపు వెలుగుతుంది.

బ్యాటరీ మార్చుకునే వీలున్న లైటునే తీసుకోండి. ఇలాంటి లైట్లలో ఎక్కువగా ఉండేది 18650 అనే లిథియం సెల్లు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి దానికి ఆ పేరు. సెల్లులో ఎంత ఛార్జింగ్ పడుతుందో చెప్పే అంకె ఎంఏహెచ్. ఈ కొలతలో దొరికే మేలైన సెల్లు కూడా సాధారణంగా 3,500 ఎంఏహెచ్ దగ్గరే ఆగుతుంది. సెల్లు మీద 9,900 అని అచ్చేసి ఉంటే అది అబద్ధమని అక్కడికక్కడే తేల్చేయవచ్చు. అసలైన సెల్లు 45 నుంచి 50 గ్రాముల బరువు తూగుతుంది. చేతిలో తేలిగ్గా ఉందంటే అనుమానించాల్సిందే.

బిగించేటప్పుడు: గోడ దగ్గర సరిచూసుకోండి

మన పాత తరహా సైకిళ్ల హ్యాండిల్ సన్నగా ఉంటుంది. లైటుతో వచ్చే పట్టీ దాని మీద జారి, గుంత తగిలినప్పుడల్లా వెలుగు కిందికి వాలిపోతుంది. పంక్చర్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి, హ్యాండిల్‌కు రెండు చుట్లు చుట్టి, దాని మీద పట్టీ బిగించండి.

తర్వాత సైకిల్‌ను గోడకు 5 మీటర్ల దూరంలో నిలబెట్టండి. లైటు నేల నుంచి మీటరు ఎత్తులో ఉందనుకుంటే, గోడ మీద వెలుగు నడిబొడ్డు అర మీటరు ఎత్తులో పడాలి. అలా వంచితే కాంతి మధ్యభాగం మీ ముందు 10 మీటర్ల దగ్గర రోడ్డును తాకుతుంది. గంటకు 18 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 5 మీటర్లు. అంటే గొయ్యిని చూసి తప్పుకోవడానికి మీకు రెండు సెకన్లు దొరుకుతాయి. ఇంకా వేగంగా వెళ్లేవారు లైటును కొద్దిగా పైకెత్తుకోవాలి. చాలామంది లైటు గొప్పతనాన్ని అది ఎంత ఎత్తుకు వెళ్తుందో చూసి లెక్కగడతారు. కొబ్బరిచెట్ల మొవ్వుల మీద పడే వెలుగు వల్ల బ్యాటరీ ఖర్చే తప్ప మీకు ఒరిగేదేమీ లేదు. పైగా అది ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. చీకటి రోడ్డు మీద వాళ్లకు కళ్లు బైర్లు కమ్మితే వచ్చి గుద్దేది మిమ్మల్నే.

లైటును తలకు కట్టుకోవడం కన్నా హ్యాండిల్‌కు పెట్టడమే మేలు. కింది నుంచి ఏటవాలుగా పడే వెలుగులో చిన్న రాయికి కూడా పొడవైన నీడ వస్తుంది, ఆ నీడే హెచ్చరిక. చూపుతో సమాన ఎత్తు నుంచి వెలుగు పడితే నీడలు కనబడక రోడ్డంతా చదునుగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆదివారం తెల్లవారకముందే అరసవల్లి దర్శనానికి బయలుదేరేవారు పొగమంచు ఉంటే వెలుగు తగ్గించాలి. ఎక్కువ వెలుగు మంచుకు తగిలి తిరిగి మన కళ్లలోనే పడుతుంది.

తొక్కేటప్పుడు

లైటు ఒంటికున్న అల్యూమినియమే దాని వేడిని బయటికి పంపుతుంది, అదీ గాలి తగిలినప్పుడే. రైలు గేటు దగ్గర ఆగితే వెంటనే తక్కువ వెలుగుకు మార్చండి. గరిష్ఠ వెలుగులో ఉన్న లైటు కొంతసేపటికి దానంతట అదే తగ్గితే కంగారు పడకండి. వేడెక్కినప్పుడు తగ్గేలా చాలా లైట్లను తయారుచేస్తారు. మే నెలలో మాత్రం లైటును ఎండలో సైకిల్‌కే వదిలేసి వెళ్లకూడదు.

ఛార్జింగ్: అసలు ఆయుష్షు ఇక్కడే ఉంది

ఇంటికి రాగానే వేడి మీదున్న లైటుకు ఛార్జింగ్ పెట్టకండి, చల్లారనివ్వండి. పూర్తిగా ఆరిపోయేదాకా వాడకండి. ఎర్రదీపం వెలగగానే పెట్టేయడం మంచిది. లిథియం సెల్లు 300 నుంచి 500 పూర్తి ఛార్జింగ్‌ల తర్వాత సామర్థ్యంలో ఐదో వంతు వరకు కోల్పోతుంది. సగం సగం వాడితే అంతకన్నా ఎక్కువ కాలం వస్తుంది. నెలల తరబడి వాడని లైటును సగం ఛార్జింగ్‌తో, చల్లని చోట ఉంచాలి.

ఒక్క తుపాను కబురు వచ్చినప్పుడు మాత్రం ఈ నియమాన్ని పక్కన పెట్టి నిండా ఛార్జింగ్ చేసుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటాక పలాస వైపు ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. సైకిల్ లైటే అప్పుడు ఇంటి దీపం.

సి రకం పిన్ను ఉన్న కొన్ని చవక లైట్లకు, రెండు వైపులా అదే పిన్ను ఉన్న తీగతో ఛార్జింగ్ ఎక్కదు. లైటు పాడైందని పారేయకుండా, ఒక వైపు పాత వెడల్పు పిన్ను ఉన్న తీగతో ప్రయత్నించండి.

వానకు, ఉప్పుగాలికి

లైటు నీటిని ఎంతవరకు తట్టుకుంటుందో ఐపీఎక్స్ అంకె చెబుతుంది. ఐపీఎక్స్4 అని ఉంటే వాన జల్లుకు తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అయితే మీటరు లోతు నీటిలో అరగంట. ఏదైనా సరే, ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సరిగా మూయకపోతే ఆ అంకెలకు విలువ లేదు. కళింగపట్నం తీరం దాకా వెళ్లి వచ్చినప్పుడు లైటును ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడవండి. పొడిగుడ్డతోనే మొదలుపెడితే ఇసుక రేణువులు అద్దాన్ని గీసేస్తాయి. సెల్లు తగిలే లోహపు బిళ్లల మీద పచ్చటి చిలుము కనిపిస్తే, సెల్లు తీసేసి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది పొడిగా తుడిస్తే పోతుంది. అద్దం లోపల చెమ్మ పట్టిందా? మూత విప్పి, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు డబ్బాలో ఒక రోజు ఉంచండి.

సెల్లు ఎప్పుడు మార్చాలి?

లైటు కొత్తగా ఉన్నప్పుడే నిండా ఛార్జింగ్ చేసి, మధ్యస్థ వెలుగులో ఫ్యాను ఎదురుగా పెట్టి, ఎంతసేపు వెలిగిందో రాసుకోండి. ఆరు నెలలకోసారి అలాగే చూడండి. మొదటి లెక్కలో మూడింట రెండు వంతులకు పడిపోతే కొత్త సెల్లు వేయాలి. రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్లు 65 మిల్లీమీటర్ల కన్నా కొంచెం పొడవుంటుంది, మీ లైటులో పడుతుందో లేదో కొలుచుకుని కొనండి. ఉబ్బిన సెల్లును ఆ క్షణమే పక్కన పెట్టేయాలి. పాత సెల్లు రెండు కొనలకూ టేపు అంటించి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.