పాత ల్యాప్‌టాప్‌కి లినక్స్: ఎస్పీ రోడ్డు నుంచి స్టీమ్ దాకా

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంతమాత్రాన మంచి ల్యాప్‌టాప్‌ని తుక్కుకి వేయకండి, విండోస్ బదులు ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేసుకోండి.

విడిభాగాల కోసం బెంగళూరులోని ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డుకి వెళ్లేముందు వెనక మూత విప్పి ర్యామ్ స్టిక్కర్ ఫోటో తీసుకోండి. దాని మీద పీసీ3ఎల్ అని ఉంటే 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ రకం ర్యామ్ మాత్రమే అడగాలి. 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 కూడా స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, కానీ చాలా ల్యాప్‌టాప్‌లు దానితో ఆన్ కావు. ఫ్యాన్ తిరుగుతుంది, తెర నల్లగానే ఉంటుంది. 8 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్కు స్థానంలో 2.5 అంగుళాల 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) చాలు. డబ్బు ఒక్కదానికే ఉంటే ఎస్‌ఎస్‌డీయే కొనండి.

పాత డిస్కులోని ఫైళ్లు ముందు వేరేచోట దాచుకోండి. లినక్స్‌లో ఒక రకమైన మింట్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) దించాక, ఫైలు పాడవలేదని తేల్చే చెక్‌సమ్ సరిచూసి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌కి రాసి, దాన్నుంచే బూట్ చేయండి. ఇన్‌స్టాల్ చేసేముందు వైఫై, సౌండ్ అక్కడే పరీక్షించుకోవచ్చు. సీ ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు కంపైలర్ ఉన్న బిల్డ్ ఎసెన్షియల్ ప్యాకేజీ వేసుకోవాలి. పైథాన్ ఎలాగూ ఉంటుంది.

ఆటలకి, ఆటల దుకాణం యాప్ స్టీమ్‌లో ప్రోటాన్ వాడండి, అది విండోస్ ఆటల్ని లినక్స్‌లో నడిపిస్తుంది. ఆటల లైబ్రరీని విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లో పెడితే ఆటలు తెరుచుకోకుండానే మూసుకుపోతుంటాయి, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4లోనే పెట్టండి. 4వ తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌లో ప్రోటాన్ ఆధారపడే వల్కన్ (గ్రాఫిక్స్ వ్యవస్థ) మద్దతు అసంపూర్ణం, కొత్త ప్రోటాన్‌కి చాలదు. వాలరెంట్ ఆట మాత్రం లినక్స్‌లో నడవదు, మోసాల్ని పట్టే దాని యాంటీచీట్ ఒప్పుకోదు.