పాత యాంటీవైరస్ ఉన్న సిస్టమ్‌లో విండోస్ 11 వేసేముందు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోని కంప్యూటర్ షాపులకి సీపీయూ పట్టుకెళ్ళేవాళ్ళయినా, ఇంట్లోనే అప్‌గ్రేడ్ చేసుకునేవాళ్ళయినా ముందు ఇవి చూసుకోండి.

• ఫొటోలు, ట్యాలీ డేటా వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. యాంటీవైరస్ డ్రైవర్లు (దాంతో పాటు వచ్చే చిన్న ప్రోగ్రాములు) విండోస్ లోలోపల, కెర్నెల్ స్థాయిలో పనిచేస్తాయి. పాతవి కొత్త విండోస్‌తో పొసగకపోతే సిస్టమ్ ఎర్రర్ స్క్రీన్ దగ్గరే ఆగిపోవచ్చు.

• బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. సిస్టమ్ ఆ కీ అడిగినప్పుడు అది లేకపోతే షాపువాళ్ళు కూడా ఏమీ చేయలేరు.

• పాత యాంటీవైరస్‌ని అప్‌గ్రేడ్‌కి ముందే తీసేయండి. మామూలు అన్‌ఇన్‌స్టాల్ తర్వాత డ్రైవర్ ముక్కలు మిగిలిపోవచ్చు. ఆ కంపెనీ సైట్‌లో రిమూవల్ టూల్ ఉంటే అదీ నడిపి రీస్టార్ట్ చేయండి.

• వెంటనే ‘విండోస్ సెక్యూరిటీ’ తెరిచి డిఫెండర్ (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) ఆన్ అయిందా చూడండి. వేరే యాంటీవైరస్ ఉన్నంతసేపూ అది పక్కకు తప్పుకుని ఉంటుంది.

• లైసెన్స్ ఇంకా మిగిలుందని పాత సీడీ మళ్ళీ ఎక్కించొద్దు. లైసెన్స్ కీ దాచుకుని, కొత్త వెర్షన్ కంపెనీ సైట్ నుంచే దించుకోండి.

• అప్‌గ్రేడ్ అయ్యాక విండోస్ సెక్యూరిటీలోని డివైస్ సెక్యూరిటీలో ‘మెమరీ ఇంటెగ్రిటీ’ (హానికర కోడ్ కెర్నెల్‌లోకి చొరబడకుండా కాపాడే సెట్టింగ్) ఆన్ చేయండి. పొసగని డ్రైవర్ ఏదైనా ఉంటే దాని ఫైల్ పేరు అక్కడే కనిపిస్తుంది. ఆ డ్రైవర్‌ని తీసేయండి. దానికోసం మెమరీ ఇంటెగ్రిటీనే ఆఫ్‌లో ఉంచమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.