చెన్నైలో సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ కొంటున్నారా? వానలు పడకముందే ఇవి చూసుకోండి

పోయిన వారం నెల్లూరు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. కార్తీకంలో పెళ్లిళ్లకి అడ్వాన్సు తీసుకుని, దానికి ఇంకొంత అప్పు కలిపి, చెన్నై వచ్చి వేళచ్చేరిలో ఒకాయన దగ్గర కెనాన్ 5డి మార్క్ త్రీ బాడీ (లెన్సు లేని కెమెరా), 24-105 లెన్సు కొనుక్కెళ్లాడు. "అన్నా, లైటు ఎదురుగా పడితే చాలు, ఫొటో అంతా తెల్లగా మసకేస్తోంది" అన్నాడు. లెన్సు విప్పి వెనక నుంచి సెల్ టార్చి కొట్టి, ముందు నుంచి వీడియో తీసి పంపమన్నాను. లోపలి గాజు మీద సన్నటి తెల్లటి పోగులు, అంచు నుంచి మధ్య దాకా పాకి ఉన్నాయి. ఫంగస్, అంటే బూజు. ఏం చెప్పి అమ్మాడ్రా అంటే, "రెండేళ్లుగా బ్యాగులోంచి తీయనే లేదంట అన్నా. అందుకేగా కొన్నాను" అన్నాడు.

ఈ ఒక్క మాటకి పడిపోయేవాళ్లని ఏటా చూస్తున్నాను. దసరా, దీపావళి దగ్గరకొస్తే చాలు, నెల్లూరు, సూళ్లూరుపేట, చిత్తూరు వైపు నుంచి మనవాళ్లు చెన్నై రైలెక్కేస్తారు. ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌లో తిరుగుతారు, యాప్‌లో ప్రకటన చూసి ఎవరింటికో వెళ్తారు. అమ్మేవాళ్లందరిదీ ఒకటే పాట: "యూస్ పణ్ణవే ఇల్ల సార్, బ్యాగ్‌లయే ఇరుందుచ్చు." అసలు వాడలేదట, బ్యాగులోనే ఉందట. మనవాడి మొహం వెలిగిపోతుంది. వెలగాల్సిన చోటు కాదది, భయపడాల్సిన చోటు.

బేరమాడండి, గీతలు చూసుకోండి లాంటివి మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. అవి వదిలేస్తున్నాను.

బ్యాగు సంగతి

చెన్నైకి ఏడాది మొత్తం మీద పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. పక్కనే సముద్రం. ముసురు పట్టిందంటే ఉతికిన బట్ట రెండు రోజులకీ ఆరదు. గాలిలో తేమ 60, 70 శాతం దాటి అలాగే నిలబడితే లెన్సులో ఫంగస్ పెరగడానికి అది చాలు. దానికి కావాల్సినవి చెమ్మ, చీకటి, గాలి ఆడకపోవడం, తినడానికి కాస్త దుమ్మో జిడ్డో. కెమెరా బ్యాగు ఈ నాలుగూ సమకూర్చి పెడుతుంది. లోపలి స్పాంజి వానాకాలంలో పరుపులాగే చెమ్మ పీల్చుకుంటుంది, జిప్పు వేశాక అది బయటికి పోదు. పైగా ఆ బ్యాగుని భద్రంగా బీరువాలో, బట్టల కింద పెడతారు. అనంతపురంలోనో కర్నూలులోనో అలా పెట్టినా చాలాకాలం ఏమీ కాకపోవచ్చు. చెన్నైలో, నెల్లూరులో, విశాఖలో కుదరదు.

బ్యాగు మోసుకెళ్లడానికి. దాచడానికి కాదు. ఈ ముక్క ఇంకా రెండు మూడు సార్లు చెప్తాను, విసుక్కోకండి.

ఫంగస్ వదిలే ఆమ్లం గాజు మీది కోటింగుని తినేస్తుంది. తొలి దశలో పట్టుకుంటే విప్పి శుభ్రం చేస్తారు. ముదిరాక తుడిస్తే ఫంగస్ పోతుంది గానీ మచ్చ పోదు. పైగా జూమ్ లెన్సు విప్పి మళ్లీ సరిగ్గా బిగించడం అందరి చేతా అయ్యే పని కాదు.

చూడాల్సిన పద్ధతి ఇది. పగలు వెళ్లండి, టార్చి తీసుకెళ్లండి. లెన్సుని బాడీ నుంచి విప్పండి. కెనాన్ ఈఎఫ్ లెన్సు విప్పాక కూడా వెలుతురుని తగ్గించే లోపలి రేకులు (ఎపర్చర్) తెరుచుకునే ఉంటాయి. నికాన్ జి లెన్సు అయితే మూసుకుపోతాయి, వెనకున్న చిన్న లీవరుని గోటితో జరిపి పట్టుకోవాలి. టార్చి నేరుగా కాకుండా కాస్త ఏటవాలుగా కొట్టి రెండు వైపుల నుంచీ చూడండి. జూమ్ ఈ చివర, ఆ చివర, మధ్యలో తిప్పుతూ చూడండి. నాలుగు దుమ్ము రేణువులు కనపడితే బెంగపడకండి, ఫొటోలో రావు. పోగులు, నక్షత్రం ఆకారపు మచ్చలు, గాజంతా పొగ పట్టినట్టు మసక, వీటిలో ఏది కనపడినా నమస్కారం పెట్టి వచ్చేయండి. "సర్వీసుకిస్తే పోతుంది సార్" అంటారు. అంత తేలిగ్గా పోయేదైతే ఆయనే చేయించి అమ్మేవాడు కదా!

ఇంకో పని చేయమంటే జనం నవ్వుతారు. బ్యాగు జిప్పు తీసి వాసన చూడండి. ముక్కిన వాసన వస్తే అందులో ఉన్నదేదీ కొనొద్దు. తర్వాత వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి తెల్లగోడ వైపు చూడండి. అందులో పోగులుంటే ఫొటో పాడవదు, కానీ ఆ కెమెరా ఎక్కడ మగ్గిందో చెప్పేస్తుంది. బ్యాటరీ అరలో రేకుల మీద పచ్చటి చిలుము, పైన ఫ్లాష్ పెట్టే పట్టాల మీద తుప్పు, అడుగు స్క్రూల చుట్టూ ఎర్రటి మరక చూడండి. బయటంతా తళతళలాడుతున్న కెమెరాలో కూడా ఇవి దొరుకుతాయి, ఎందుకంటే బయట తుడవడం అందరికీ వచ్చు.

షట్టర్ కౌంట్ పిచ్చి

కెమెరా ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు కొట్టిందన్న లెక్కే షట్టర్ కౌంట్. మనవాళ్లు మొదట అడిగేది ఇదే. 5డి మార్క్ త్రీకీ, నికాన్ డి750కీ షట్టర్ ఎన్ని ఫొటోలకి ఆగుతుందో కంపెనీ చెప్పే లెక్క 1,50,000. కెనాన్ 80డికి 1,00,000. అది ఎక్స్‌పైరీ డేటు కాదు. దాటాక కూడా ఏళ్ల తరబడి కొట్టినవి ఉన్నాయి, చేరకముందే పోయినవీ ఉన్నాయి. నన్నడిగితే 8,000 కొట్టి బ్యాగులో పడేసిన బాడీ కంటే, 90,000 కొట్టి ప్రతి ముహూర్తానికీ బయటికి తీసిన పెళ్లి ఫొటోగ్రాఫర్ బాడీయే మేలు. అది రోజూ గాలి పీల్చింది.

నికాన్ అయితే అప్పటికప్పుడు తీసిన జేపీజీ ఫైల్లోనే కౌంట్ దొరుకుతుంది. కెనాన్ మోడల్స్‌లో చాలావాటికి ఫైల్లో ఉండదు, కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. వీడియో ఎన్ని గంటలు తీసినా కౌంట్ ఆ మేరకు పెరగదు. కాబట్టి ఫంక్షన్ వీడియోలకే వాడిన బాడీలో తక్కువ అంకె కనపడితే మురిసిపోకండి.

మోడల్ జాతకం కూడా తెలుసుకోవాలి. నికాన్ డి600 2012లో వచ్చింది, సెన్సర్ మీద మచ్చల గొడవతో పేరు పాడుచేసుకుంది. 2013లోనే డి610 వచ్చేసింది. 2014లో నికాన్ ఉచితంగా షట్టర్ మార్చి ఇచ్చింది. మీకు దొరికిన డి600కి ఆ పని జరిగిందో లేదో అడగండి. డి750లో కూడా కొన్ని సీరియల్ నంబర్లకి షట్టర్ సమస్యని 2015లో కంపెనీయే ఒప్పుకుంది. కెనాన్ 24-105 ఎఫ్4 మొదటి తరం లెన్సులో లోపలి రిబ్బన్ కేబుల్ అరిగి ఎర్రర్ 01 రావడం మామూలే. ఎపర్చర్ ఎఫ్8లో పెట్టి, జూమ్ 24, 50, 105 మూడు చోట్లా కొట్టి చూస్తే బయటపడుతుంది.

నికాన్ డి3000, డి5000 వరుస బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత 50 ఎంఎం ఎఫ్1.8 డి లెన్సు చవగ్గా వస్తోందని వాటికి కొంటే చేత్తోనే ఫోకస్ తిప్పుకోవాలి.

బాడీ పరీక్ష

ఎఫ్16లో పెట్టి, ఫోకస్ చెదరగొట్టి, తెల్లగోడనో ఆకాశాన్నో ఒకటి కొట్టండి. మచ్చలుంటే కనపడతాయి. గుండ్రటి మచ్చలు దుమ్ము, శుభ్రం చేయిస్తే పోతాయి. పోగుల్లా ఉంటే మళ్లీ ఆ బ్యాగు సంగతే. తర్వాత లెన్సు మూత పెట్టి ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చి చూడండి, చెడిన పిక్సెళ్లు (హాట్ పిక్సెళ్లు) చుక్కలుగా మెరుస్తాయి. ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఒక అక్షరం మీద వ్యూఫైండర్‌తో ఒకటి, లైవ్ వ్యూతో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) ఒకటి తీయండి. లైవ్ వ్యూది పదునుగా వచ్చి వ్యూఫైండర్‌ది రాకపోతే ఫోకస్ ముందుకో వెనక్కో జరుగుతోందన్నమాట. 5డి మార్క్ త్రీ, డి750, 80డిలో దాన్ని మెనూలోనే సర్దుకోవచ్చు. కెనాన్ 1500డి, నికాన్ డి5600లో ఆ సదుపాయం లేదు.

ఇవన్నీ వెనక స్క్రీన్ మీద చూసి తేల్చొద్దు. మీ కార్డు వేసుకెళ్లండి, మీ ల్యాప్‌టాప్‌లో పూర్తి సైజులో చూడండి.

కొన్నాక

ఇంటికి తెచ్చాక మనవాళ్లు చేసే మొదటి పని? కొత్త బ్యాగు కొనడం! దాంట్లో పెట్టి బీరువాలో పెట్టడం! చెప్పాను కదా, బ్యాగు మోసుకెళ్లడానికి. డ్రై కేబినెట్ (తేమని అదుపులో ఉంచే పెట్టె) కొనగలిగితే కొనండి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య పెట్టండి. లేదంటే రబ్బరు అంచు ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటరు. ఈ మూడింటితో పని జరిగిపోతుంది. మరీ 30కి దించకండి, రబ్బరుకీ లోపలి గ్రీజుకీ మంచిది కాదు. జెల్ రంగు మారితే పనైపోయినట్టు, వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. గులాబీ రంగుకి మారే నీలం జెల్‌లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం. వంట గిన్నెల్లో వేడి చేయొద్దు.

ఇక వరసగా చెప్పేస్తాను, రాసుకోండి.

– బియ్యం డబ్బాలో కెమెరా పెట్టొద్దు. తవుడు లోపలికి పోతుంది.

– కలరా ఉండలు, కర్పూరం పక్కన పెట్టొద్దు. ఆ ఆవిరి గాజు మీద పేరుకుంటుంది.

– ఏసీ మండపంలోంచి బయట ఉక్కలోకి వస్తే గాజు మీద నీరు పడుతుంది. బయటికి రాకముందే బ్యాగులో పెట్టి జిప్పు వేయండి, వేడి సర్దుకున్నాకే తీయండి. బ్యాగు పని ఇక్కడ.

– ఏసీ గదిలో లెన్సు తుడిచి వెంటనే బాల్కనీలో ఫొటోలకి దిగొద్దు.

– మెరీనాకో, కాశిమేడు హార్బరుకో, పులికాట్‌కో వెళ్లొస్తే ఆ రాత్రే తుడవండి. కొద్దిగా తడిపి పిండిన మెత్తటి గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. ఉప్పు తెల్లారేదాకా ఆగదు.

– బీచ్‌లో లెన్సు మార్చొద్దు.

– నోటితో ఊది సెన్సర్ శుభ్రం చేయొద్దు. ఉమ్మి పడుతుంది.

– వారానికి ఒకసారి డబ్బాలోంచి తీయండి. పది ఫొటోలు కొట్టండి. జూమ్ తిప్పండి.

– వాడని రోజుల్లో బ్యాటరీ తీసి విడిగా పెట్టండి. ఉబ్బినది పారేయండి, రెండో ఆలోచన వద్దు.

– సీఎఫ్ కార్డు (ఒక రకం మెమరీ కార్డు) స్లాటులో టార్చి కొట్టి పిన్నులు చూడండి. ఒకటి వంగినా బేరం ఆపండి.

– మెనూలోనో ఫొటో ఫైల్లోనో కనపడే సీరియల్ నంబరూ, అడుగున స్టిక్కర్ మీది నంబరూ ఒకటేనా? కాకపోతే లేచి వచ్చేయండి. స్టిక్కరు గీకేసి ఉన్నా అంతే.

– అమ్మినవాడి గుర్తింపు కార్డు కాపీ తీసుకోండి, సీరియల్ నంబరు రాసి సంతకం పెట్టించండి. దొంగ సొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317 కింద నేరం. తెలియక కొన్నా పోలీసులు వస్తే కెమెరా పోతుంది, డబ్బు రాదు.

– రాత్రి పూట కొనొద్దు. పెట్రోలు బంకు దగ్గర, మెట్రో స్టేషన్ మెట్ల మీద కొనొద్దు.

– ముహూర్తం రేపు పెట్టుకుని ఇవాళ కొనొద్దు.

– కిందింట్లో ఉంటే నవంబరు నుంచి కెమెరా డబ్బా అటక మీదికి ఎక్కాలి. 2015 డిసెంబరులో, 2023లో మిచాంగ్ తుపానుకీ చెన్నైలో కింది అంతస్తుల్లోకి నీళ్లొచ్చాయి. బీరువా అడుగు అరలో పెట్టినవన్నీ తడిశాయి.

– తడిసిందా? ఆన్ చేయొద్దు. పనిచేస్తుందో లేదో చూద్దామని కూడా ఆన్ చేయొద్దు. బ్యాటరీ, కార్డు తీసేయండి. హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు. ఆ రోజే సర్వీసుకి తీసుకెళ్లండి.

– ఫంగస్ ఉన్న లెన్సు ఇంట్లో ఉంటే మిగతావాటితో ఒకే డబ్బాలో పెట్టొద్దు.

– పాత మోడల్ అయితే కొనకముందే సర్వీస్ సెంటరుకి ఫోన్ చేసి షట్టరు, మదర్ బోర్డు దొరుకుతాయా అని అడగండి. దొరకవంటే ధర సగం చేసి అడగండి.

– రిపేరుకి ఇచ్చేటప్పుడు బాడీ, లెన్సు సీరియల్ నంబర్లు రసీదు మీద రాయించుకోండి. కార్డు, బ్యాటరీ, బెల్టు మీ దగ్గరే ఉంచుకోండి. రాయడానికి గొణిగే షాపులో ఇవ్వొద్దు.