పాత బుల్లెట్ ఎదర బ్రేకు పట్టడం లేదా? డిస్క్ కొనే ముందు ఇవి చూడండి

అమలాపురం వైపు అడిగినా, పాలకొల్లు వైపు అడిగినా పాత బుల్లెట్ ఉన్నవాళ్లు చెప్పే మాట ఒకటే: "ఇంజన్ బ్రహ్మాండం, బ్రేకే లేదు." మన రోడ్లకు అది చిన్న లోపం కాదు. గట్టు రోడ్డుకి ఒక పక్క కాలువ, ఇంకో పక్క చెరువు ఉంటాయి. చేపల లారీ వెళ్లిన దారంతా తడి, కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం. ఇలాంటి చోట ఉన్నట్టుండి ఆపాల్సి వస్తుంది.

అందుకే చాలామంది నేరుగా డిస్క్ వేయించేస్తున్నారు. నా మాట మాత్రం ముందు డ్రమ్మును సరిచేయమనే. రెండు క్యామ్‌లు (లోపలి బ్రేకు షూలను డ్రమ్ముకి నొక్కే ముక్కలు) ఉన్న 7 అంగుళాల డ్రమ్ము సెట్టింగ్ సరిగ్గా ఉంటే మనం వెళ్లే వేగాలకు బాగానే ఆపుతుంది. డ్రమ్ము పట్టకపోవడానికి కారణమేంటో తెలియకుండా డిస్క్‌కి వెళితే డబ్బు పోతుంది, అనుమానం మాత్రం అలాగే ఉంటుంది.

డ్రమ్ము విప్పే ముందు ఒక జాగ్రత్త. షూల మీద డ్రమ్ముకి రాసుకునే పొరే లైనరు. పాత లైనర్లలో ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. షెడ్డులో గాలి కొట్టి ఆ దుమ్ము లేపనివ్వకండి. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి.

లివర్ గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగడం లేదు

ఎక్కువగా కనిపించేది ఇదే. కొత్త లైనర్లు వేసినా మార్పు లేదంటే ముందుగా రెండు క్యామ్‌లను కలిపే లింక్ రాడ్డును అనుమానించండి. ఈ డ్రమ్ములో రెండు షూలనూ చక్రం తిరిగే జోరు డ్రమ్ములోకి లాక్కుంటుంది. దాని బలమంతా అక్కడే ఉంది. రాడ్డు పొడవు కాస్త తేడాగా ఉన్నా ఒక షూ ముందు తగిలి ఆగిపోతుంది, రెండోది ఊరికే ఉంటుంది. అంటే సగం బ్రేకుతోనే బండి నడుపుతున్నట్టు.

బండి మెయిన్ స్టాండ్ వేసి, ఇంజన్ కింద చెక్క పెట్టి ఎదర చక్రం లేపండి. లింక్ రాడ్డు ఒక కొస పిన్ను తీసేయండి. కేబుల్ తగిలించిన ఆర్మ్‌ను (క్యామ్‌ను తిప్పే మీట) షూ డ్రమ్ముకి ఆనేదాకా చేత్తో తిప్పి, పక్కనున్న మనిషిని అలాగే పట్టుకోమనండి. రెండో ఆర్మ్‌ను కూడా అలాగే ఆనించండి. ఇప్పుడు రాడ్డు కొసన ఉన్న రంధ్రం, ఆర్మ్ రంధ్రం ఎదురెదురుగా రావాలి. రాకపోతే లాక్ నట్టు వదులు చేసి, అవి కలిసేదాకా రాడ్డు కొస తిప్పండి. పిన్ను బలవంతంగా దూర్చాల్సి వస్తే సెట్టింగ్ ఇంకా కుదరలేదని అర్థం. కుదిరాక కొత్త స్ప్లిట్ పిన్ను వేసి లాక్ నట్టు బిగించండి. చాలా బళ్లలో ఈ ఒక్క పనితోనే తేడా తెలిసిపోతుంది.

అప్పటికీ పట్టకపోతే లైనరు డ్రమ్ముకి ఎంత మేర తగులుతోందో చూడాలి. డ్రమ్ము లోపలంతా సుద్దముక్కతో గీసి, షూలు బిగించి ఉన్న ప్లేటు పెట్టి, చక్రం చేత్తో తిప్పుతూ మెల్లగా బ్రేకు నొక్కి విప్పండి. లైనరు మీద తెల్లగా అంటిన చోటే తగులుతున్నట్టు. కొత్త లైనర్లకు చాలాసార్లు నడుమ బొటనవేలంత మేర తెల్లబడుతుంది, మిగతాదంతా నల్లగానే ఉంటుంది. తెల్లబడిన మిట్టను ఎమెరీ పేపరుతో కొంచెం కొంచెంగా రుద్ది మళ్లీ సుద్దతో చూడండి. మంచి లేత్ మేస్త్రీ దొరికితే షూలను ప్లేటు మీద ఉంచే డ్రమ్ము కొలతకు టర్నింగ్ చేయించడం ఇంకా మేలు. లైనరు ముందు అంచుకి చిన్న వాలు తీస్తే కీచుమనడం కూడా తగ్గుతుంది. బిగించే ముందు సుద్దంతా తుడిచేయండి.

లైనరు నల్లగా మెరుస్తూ జిడ్డుగా ఉంటే అది బేరింగ్ గ్రీజు. సీలు మార్చండి, లైనర్లూ మార్చండి. పెట్రోలుతో కడిగినా పీల్చుకున్న జిడ్డు వేడికి మళ్లీ పైకి వస్తుంది.

లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది

ముందు కేబుల్ చూడండి. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి లోపలి తీగ తొందరగా తుప్పు పడుతుంది. పైకి బాగానే కనిపించినా లివర్ దగ్గర ఒక్కో పోగూ తెగుతూ ఉంటుంది. ఒక్క పోగు తెగినా కేబుల్ మార్చాల్సిందే. చవక కేబుల్‌కి పైగొట్టం నొక్కుకుపోతుంది, చేతి బలమంతా అక్కడే ఖర్చవుతుంది.

తర్వాత ఆర్మ్ కోణం. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు కేబుల్‌కీ ఆర్మ్‌కీ మధ్య దాదాపు 90 డిగ్రీలు ఉండాలి. అది దాటితే ఎంత లాగినా బలం తగ్గుతుంది. లైనర్లు అరిగాయని అర్థం, అడ్జస్టర్ బిగించి నెట్టుకురాకండి.

చివరిగా ప్లేటును నడిమికి తేవాలి. ఇరుసు నట్టు కాస్త వదులు చేసి, చక్రం తిప్పి, బ్రేకు గట్టిగా నొక్కి, ఆ పట్టు వదలకుండానే నట్టు బిగించండి. ప్లేటు తిరక్కుండా ఫోర్కు దగ్గర పట్టి ఉంచే ఆనిక సరిగ్గా కూర్చుందో లేదో రెండుసార్లు చూసుకోండి. అది తప్పితే చక్రం లాక్ అయి మనిషి పడిపోతాడు.

బ్రేకు నొక్కితే లివర్ చేతిని తంతోంది

డ్రమ్ము గుండ్రంగా లేదన్నమాట. పుల్లలు బిగించినప్పుడు లాగుడు సమంగా లేకపోతే హబ్ (డ్రమ్ము ఉండే చక్రం నడిమి భాగం) కోలగా మారుతుంది. లేత్ మీద టర్నింగ్ చేయించాలి, అదీ పుల్లలు బిగించి రిమ్ము సరిచేశాకే. ఒట్టి హబ్‌ను టర్నింగ్ చేయించి తర్వాత పుల్లలు వేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. తయారీవాళ్లు చెప్పిన పరిమితి దాటి పట్టించకండి.

వానలో తడిశాక మొదటి పట్టు ఉండదు

డ్రమ్ములోకి నీరు దిగింది. వెనక ఎవరూ లేనప్పుడు లివర్ తేలిగ్గా నొక్కి కొంతదూరం నడిపితే ఆరిపోతుంది.

రేవు ర్యాంపు మీద బండి వెనక్కి జారుతోంది

సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లను గోదావరి దాటించే పడవ) ఎక్కే దగ్గర ఇది కంగారు పెడుతుంది. ఇందులో లోపమేం లేదు. చక్రం వెనక్కి తిరిగేటప్పుడు ఆ రెండు షూలనూ డ్రమ్ము తనవైపు లాక్కోదు, దూరంగా నెడుతుంది. అక్కడ వెనక బ్రేకు మీద కాలు ఉంచండి.

ఇన్ని చేసినా చాలకపోతే డిస్క్

బరువుతో హైవే మీద రోజూ తిరిగేవాళ్లకీ, ఒకే క్యామ్ ఉన్న పాత చిన్న డ్రమ్ము వాళ్లకీ డిస్క్ అవసరమే. అయితే కాలిపర్ (డిస్క్‌ను నొక్కి పట్టే భాగం) తగిలించే చోటున్న ఫోర్కు కాళ్లు, హబ్, డిస్క్, కాలిపర్, మాస్టర్ సిలిండర్ (లివర్ దగ్గర బ్రేకు ఆయిల్‌ను తోసేది) అన్నీ ఒకే మోడల్‌వి తీసుకోండి. పాత ఫోర్కు కాలికి ఇనుప ముక్క వెల్డింగ్ పెట్టి కాలిపర్ బిగించడానికి మాత్రం ఒప్పుకోకండి. బ్రేకు వేసినప్పుడు బరువంతా పడేది ఆ అతుకు మీదే.

డిస్క్ వేశాక లివర్ కర్రలా ఉండి బండి ఆగడం లేదంటే మాస్టర్ సిలిండర్ పిస్టన్ పెద్దదైంది. 14 మిల్లీమీటర్ల దాని బదులు 12.7 వేస్తే అదే చేతి బలానికి ఒత్తిడి సుమారు 21 శాతం పెరుగుతుంది, లివర్ నడక కూడా అంతే పెరుగుతుంది. లివర్ స్పాంజిలా ఉంటే లైనులో గాలి ఉంది. బుడగలు ఆగేదాకా బ్లీడింగ్ చేయాలి, అంటే ఆయిల్‌తో పాటు గాలిని బయటికి తీయాలి. రాత్రంతా లివర్ నొక్కి కట్టి ఉంచితే మిగిలిన బుడగలు పైకి చేరతాయి.

బ్రేకు ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక ఆ హద్దు 155కి దిగుతుంది. మన ఉక్కలో రెండేళ్లకోసారి తప్పకుండా మార్చండి. ట్యాంకు మీద చుక్క పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడిగేయండి.

పని మొదలుపెట్టే ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. రిజిస్ట్రేషన్‌లోని తయారీ వివరాలకు తేడాగా బండిని మార్చడం మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో ఆంక్షలున్నాయి. విప్పిన డ్రమ్ము చక్రాన్ని పాత ఇనుముకి వేయకండి. నూనె గుడ్డతో తుడిచి దాచండి, లోపల లైనరు తగిలే చోట మాత్రం నూనె అంటనివ్వకండి.